కూపన్‌కి కప్పిన బరకం

రావిగరువు పురపాలక సంఘం వారికి పేదవాళ్ళంటే ఎంత గౌరవమంటే, వాళ్ళకి వస్తువులివ్వడం మానేశారు.

పోయినేడాది వరకూ వానాకాలం రాగానే లారీలో బరకాలు తెచ్చి, మార్కెట్టు దగ్గర నిలబెట్టి, కారే ఇళ్ళవాళ్ళకి పంచేవారు. బరకం అంటే కళ్ళాల్లో ధాన్యం తడవకుండా కప్పే నీలం పట్టా. జనం తోసుకునేవారు, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకునేవారు, బరకం నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయేవారు. మర్నాటి వానకి ఇల్లు కారేది కాదు. ఇది చాలా అనాగరికమైన పద్ధతని అంతవరకూ ఎవరికీ తట్టలేదు. కొత్త కమిషనరు మార్తాండరావు గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చాక తట్టింది.

“వస్తువు చేతిలో పెడితే అది దానం. కూపన్ చేతిలో పెడితే అది హక్కు. మనం పేదవాడి చేతిలో పెట్టవలసింది బరకం కాదు, ఆత్మగౌరవం,” అని ఆయన సిబ్బంది సమావేశంలో సెలవిచ్చారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఆత్మగౌరవమైతే లారీలోంచి దింపే పని ఉండదని గుమస్తాలకి మరీ నచ్చింది. పథకానికి ‘వర్షరక్ష’ అని పేరు పెట్టారు.

ఈ ఆత్మగౌరవం అందుకోవలసిన వాళ్ళలో రేవు వీధి నూకరత్నం ఒకర్తి. యాభై దాటిన మనిషి. మొగుడు పోయి ఆరేళ్ళు. వీధివైపు గదిలో బల్ల, బల్ల మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె, వెనక గదిలో ఆవిడ. ఊళ్ళో కాస్త హోదా ఉన్నవాళ్ళ బట్టలన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. గంజిపెట్టి ఆవిడ ఇస్త్రీ చేసిన లాల్చీ చేతికొస్తే తొడుక్కోవడానికి మనసొప్పదు. కమిషనరు గారి బట్టలు కూడా ఆవిడే చేస్తుంది.

చేసే పని అంత తెల్లగా ఉన్నా ఇల్లు మాత్రం పాత పెంకుటిల్లు. కోతులు గెంతి గెంతి పెంకులు జారిపోయాయి. లారీ దగ్గర తోపులాటలో ఆవిడకి ఒక్క ఏడాదీ బరకం అందలేదు. వట్టి వాననీళ్ళయితే ఆరబెట్టుకోవచ్చు. పెంకుల మీది నాచూ, వాసాల మీది మసీ కలిసి డికాక్షన్ రంగులో కారుతుంది. పోయిన ఆషాఢంలో హైస్కూలు టీచరుగారి గంజిచీర మీద ఒక్క చుక్క పడింది. ఆవిడ ఏమీ అనలేదు. చీర పట్టుకుపోయింది, మళ్ళీ రాలేదు. ఆవిడ వెనకాలే ఆ వరసలో రెండిళ్ళు మానేశాయి. తిట్టి మళ్ళీ వచ్చేవాళ్ళంటే నూకరత్నానికి భయం లేదు, ఏమీ అనకుండా మానేసేవాళ్ళంటేనే భయం. ఈ వానాకాలం ఇంకో నాలుగిళ్ళు అలా పోతే ఇస్త్రీ పెట్టె అటకెక్కించుకోవాలి. అందుకని రేవు వీధిలో దరఖాస్తు పెట్టినవాళ్ళలో ఆవిడే మొదటిది.

పరిశీలనకి సూపరింటెండెంట్ భగవాన్లు గారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టని మనిషి, ఒక్క నిబంధన మరిచిపోని మనిషి. మనసు మంచిదే కానీ దాన్ని ఎక్కడ వాడాలో ఏ నిబంధనలోనూ లేకపోవడం వల్ల వాడలేదు. ఆయన గది మధ్య నిలబడి, కప్పుకేసి చూసి, పెదవి విరిచారు.

“కారడం లేదే?”

“ఎండ కాత్తంది కదండీ,” అంది నూకరత్నం.

“నేను చూసిందే రాయాలమ్మా. ‘క్షేత్రస్థాయిలో కారుట కనబడలేదు’.”

“వానొచ్చినప్పుడు రండి బాబూ. మీరే చూద్దురుగాని.”

“వానలో క్షేత్ర పర్యటన నిషేధం. రిజిస్టరు తడుస్తుంది.”

గోడ అవతలినుంచి అంతా వింటున్న పక్కింటి అచ్చియ్యమ్మకి ఒక ఉపాయం తోచింది. ఆవిడ ఇల్లు కూడా కారేదే, ఆవిడ వంతు తర్వాత ఉంది. నిచ్చెన వేసుకుని, బిందెడు నీళ్ళతో ఎక్కి, పెంకుల మీద గుమ్మరించింది. నీళ్ళు దారి వెతుక్కుని సరిగ్గా భగవాన్లు గారి రిజిస్టరులో ‘రిమార్కులు’ అన్న గడిలో పడ్డాయి.

ఆయన రిజిస్టరు తుడుచుకుని, కలం తీసి రాశారు. ‘వాన లేని సమయంలో సైతం కారుచున్నది. తీవ్రత అధికం.’

కూపన్ల పంపిణీ సభ టౌనుహాల్లో జరిగింది. మూడువందల పన్నెండు మందికి మూడువందల పన్నెండు కూపన్లు. గోడ క్యాలెండరంత అట్ట, చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో గొడుగు బొమ్మ, మూలన తళతళలాడే ముద్ర. పెళ్ళి శుభలేఖ కూడా అంత బాగుండదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో నిబంధనలు. అచ్చియ్యమ్మ కూడబలుక్కుని చదివింది.

“తడిసినా, మడిచినా, మరకపడినా చెల్లదంట వదినా. ప్లాస్టిక్ కవర్లో కూడా పెట్టకూడదంట, ముద్ర చెమరుత్తాదంట.”

“మరెక్కడ పెట్టుకోమన్నారు?”

“అది రాయలేదు.”

ఇద్దరూ తిన్నగా లింగమూర్తి గారి ప్లాస్టిక్ కొట్టుకి వెళ్ళారు. పథకం కింద బరకాలిచ్చే కొట్టు అదొక్కటే. లింగమూర్తి గారు కూపన్‌ని రెండు చేతులతో అందుకుని, వెలుతురులో పెట్టి చూసి, మురిసిపోయి తిరిగి ఇచ్చేశారు.

“సరుకు ఇంకా దిగలేదమ్మా. పది రోజులు పట్టొచ్చు. అందాకా జాగ్రత్త. మచ్చ పడిందంటే కూపన్లు చదివే నా మెషిను తీసుకోదు.”

నూకరత్నం ఇంట్లో చుక్క పడని చోటు ఒకే ఒక్క మూల ఉంది. జానెడు తక్కువ మంచమంత ఉంటుంది. అక్కడే ఊళ్ళోవాళ్ళ ఇస్త్రీ బట్టల మూటలుంటాయి. కూపన్ పెట్టెలో పెడదామంటే పట్టదు, మడిస్తే చెల్లదు. మూటల్ని కాస్త ముందుకు జరిపి, వెనక గోడకి కూపన్ని నిలబెట్టింది. మూడోనాడు పొద్దున్నే ముసురు పట్టింది. గాలి మారింది, చుక్కలు కూడా మారాయి. మూటల మీద పడకుండా తన దుప్పటీ, చాపా కప్పింది. కూపన్ మీద పడకుండా గొడుగు పట్టుకుని తను నిలబడింది. మధ్యాహ్నం దాకా అలాగే నిలబడింది. తన నెత్తి మీద కారుతూనే ఉంది. ఇల్లు కారకుండా ఇచ్చిన కాగితానికి, కారే ఇంట్లో తను తడుస్తూ గొడుగు పట్టిందని తెలిసినప్పుడు ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే కన్నీళ్ళు కూపన్ మీద పడతాయేమోనని పక్కకి తిరిగింది.

అందరికీ అంత ఓపిక లేదు. వారం తిరిగేసరికి కొట్టు ముందు ఎవరి చేతిలో చూసినా మచ్చల కూపనే. అచ్చియ్యమ్మ కూపన్‌లో గొడుగు రంగు కరిగి కిందికి జారి పుట్టగొడుగులా తయారైంది. లింగమూర్తి గారు తల అడ్డంగా ఊపి పంపేశారు. జనం పురపాలక సంఘం మీద పడ్డారు.

కమిషనరు గారు అత్యవసర సమావేశం పెట్టారు.

“సమస్య ఎక్కడుందో గుర్తించాలి,” అన్నారు గంభీరంగా. “మన కూపన్లలో లోపం లేదు. లబ్ధిదారుల నివాసాల్లోనే నాణ్యత లోపించింది. కారే ఇళ్ళల్లో కూపన్లు ఉంచితే తడుస్తాయి.”

“మరి కారని ఇళ్ళవాళ్ళకి ఇద్దామాండీ?” అని అడిగాడు ఒక గుమస్తా. అతను కొత్త.

“వాళ్ళు అర్హులు కారు,” అన్నారు భగవాన్లు గారు.

చివరికి కమిషనరు గారికే ఉపాయం తట్టింది. తడిసినవాటికి బదులు కొత్తవి అచ్చువేయించి, మొత్తం మూడువందల పన్నెండు కూపన్లనీ పురపాలక సంఘం రికార్డు గదిలోనే భద్రంగా ఉంచాలి. దానికి ‘కూపన్ సంరక్షణ కేంద్రం’ అని బోర్డు కట్టారు. నూకరత్నం తన కూపన్ని గొడుగు పట్టి తీసుకెళ్ళి అప్పగించింది. రశీదు ఇవ్వలేదు. రశీదు ఇస్తే అదీ తడుస్తుందని ఎవరి నంబరు వాళ్ళని గుర్తుపెట్టుకోమన్నారు. నూకరత్నానిది రెండువందల పద్నాలుగు.

రెండు రోజులకి రికార్డు గది శ్లాబు కూడా కారింది.

సరిగ్గా ఆ రోజే లింగమూర్తి గారి కొట్లో బరకాలు దిగాయి. భగవాన్లు గారు పరుగున వెళ్ళి కమిషనరు గారి ముందు నిలబడ్డారు. కూపన్లు ప్రమాదంలో ఉన్నాయన్నారు.

“నిబంధన ఏమంటోంది?” అన్నారు కమిషనరు గారు.

“కూపన్ ఒక్కింటికి బరకం ఒకటి చొప్పున అందజేయవలెను అని ఉందండి.”

“అందజేయండి మరి.”

“ఎవరికండీ?”

“కూపన్‌కి!”

సాయంత్రానికల్లా మూడువందల పన్నెండు బరకాలూ రికార్డు గదికి చేరాయి. ఒక్కో కూపన్‌కీ ఒక్కో బరకం చుట్టి, మీద నంబరు రాసి, వరసగా పేర్చారు. రాజధానికి నివేదిక వెళ్ళింది. జారీ అయిన కూపన్లు మూడువందల పన్నెండు, అందిన బరకాలు మూడువందల పన్నెండు, వర్షానికి తడిసినవి సున్నా. రాష్ట్రంలో ఏ పట్టణంలోనూ ఇంత కచ్చితంగా లెక్క తేలలేదట. పంద్రాగస్టు పండక్కి జిల్లా కేంద్రంలో కమిషనరు గారికి ప్రశంసాపత్రం ప్రకటించారు.

నూకరత్నం ఆ మాట విని, ముఖం కడుక్కుని ఆఫీసుకెళ్ళింది.

“నా బరకం వచ్చిందంటండి?”

“వచ్చిందమ్మా. నీ కూపన్ మీద ఉంది,” అన్నారు భగవాన్లు గారు ప్రేమగా. “చుక్క నీరు తగలడం లేదు. కావాలంటే చూసిపో.”

“మరి నా ఇల్లండి?”

“ఇంటి గురించి నివేదికలో గడి లేదు.”

నూకరత్నం తలుపు సందులోంచి లోపలికి చూసింది. శ్లాబు చుక్కలు బరకాల మీంచి జారిపోతున్నాయి. ఊళ్ళో ఆ బరకాల లోపలంత పొడిగా, అంత శుభ్రంగా ఉన్న చోటు ఇంకోటి లేదు. తన నంబరు కనబడింది. ఈ జన్మలో తనకా యోగం లేదనుకుని ఇంటికొచ్చేసింది.

పంద్రాగస్టుకి రెండు రోజుల ముందు కమిషనరు గారి డ్రైవరు ఒక మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు. అవార్డు అందుకునేటప్పుడు వేసుకునే తెల్ల ఖద్దరు లాల్చీ, పంచె. వాటితో పాటు ఆయనవి ఆ వారం బట్టలన్నీ. నూకరత్నం ప్రాణం పెట్టి ఇస్త్రీ చేసింది. ఆఖరి మడత వేసి పక్కన పెట్టిందో లేదో, బయట ఉరిమింది. చుక్క ఒకటి లాల్చీకి బెత్తెడు దూరంలో పడింది. ఇంకోటి నాలుగు వేళ్ళ దూరంలో పడింది. టీచరుగారి చీర కళ్ళముందు కదిలింది. కమిషనరు గారి లాల్చీ మీద డికాక్షన్ మరక పడితే ఈ ఊళ్ళో తన దగ్గరికి ఇంక ఎవరొస్తారు? ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. మూటని చీర చెంగులో చుట్టి, గొడుగేసుకుని, ఊళ్ళో తనకి తెలిసిన ఒకే ఒక్క పొడి చోటికి, రికార్డు గదిలోని బరకాల దగ్గరికి, పరిగెత్తింది.

“బాబుగారూ, ఈ మూట ఒక్కటీ లోపలెట్టుకోనివ్వండి. ఎల్లుండి తెల్లారేతలికి పట్టుకుపోతాను.”

“తప్పమ్మా,” అన్నారు భగవాన్లు గారు. “ఇక్కడ రికార్డు తప్ప మరోటి పెట్టరాదు.”

“రికార్డంటే ఏటండి?”

“కాగితం. లేదా కాగితానికి జతపరచినది.”

నూకరత్నం మూటని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. జాకెట్టు మీంచి నీళ్ళు కారుతున్నాయి, మూట మాత్రం తడవలేదు.

“మరైతే నా ఇల్లు కారతందని ఓ కాగితం రాత్తానండి. దానికి ఈ బట్టలు జతచేసుకోండి. ఈ బట్టలు తడిసిపోతాయనే కదండీ నా బాధ. రుజువవే కదా?”

భగవాన్లు గారు ఆలోచించారు. ఆయనకి ఎక్కడా తప్పు కనబడలేదు. పైగా ఇంత స్పష్టమైన రుజువుతో అర్జీ రావడం ఆయన సర్వీసులో మొదటిసారి. ఆవిడ చెప్తుంటే తనే రాశారు, తప్పులున్న అర్జీ చూస్తే ఆయనకి అన్నం సయించదు. కింద ‘జతపరచినవి’ అని రాసి, తెల్ల లాల్చీ ఒకటి, పంచె ఒకటి, చొక్కాలు ఐదు, ప్యాంట్లు నాలుగు అని వేసి, మూటకి ఎర్రనాడా కట్టి, ముద్ర కొట్టి, బరకాల మధ్య భద్రంగా పెట్టారు.

“ఎల్లుండి పొద్దున్న వత్తానండి.”

“ఎల్లుండి ఎలా కుదురుతుంది? అర్జీ తేలేదాకా జతపరచినవి కదపడానికి లేదు.”

“తేలడానికి ఎన్నాళ్ళు పడతాదండి?”

“తొంభై రోజులు.”

ఆవిడ మూటకేసి చూసింది. మూట మీది ఎర్రనాడాకేసి చూసింది. తర్వాత నెమ్మదిగా, “ఆయ్, అలాగేనండి,” అని ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ ముఖంలో ఏం మెదిలిందో భగవాన్లు గారు గమనించలేదు. కాగితం మీద లేనివి ఆయన సాధారణంగా గమనించరు.

పంద్రాగస్టు పొద్దున్న ఏడింటికి, ముసురులో, నూకరత్నం గుమ్మం ముందు జీపు ఆగింది. కమిషనరు గారే స్వయంగా దిగారు. ఒంటి మీద బనీను, గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు. డ్రైవరు అప్పటికే రెండుసార్లు వచ్చి, నూకరత్నం చెప్పింది నమ్మలేక తిరిగి వెళ్ళాడు.

“నా లాల్చీ ఏదీ?”

“మీ ఆఫీసులోనే ఉందండి. అర్జీకి జతచేశారండి.”

పది నిమిషాల్లో అందరూ రికార్డు గది ముందున్నారు. జెండా పండక్కి వచ్చిన భగవాన్లు గారు జేబుకి చిన్న జెండా గుచ్చుకుని, తాళంచెవి పట్టుకుని నిలబడ్డారు. కమిషనరు గారికి నమస్కారం పెట్టారు కానీ తలుపు తియ్యలేదు.

“మీ సర్క్యులరేనండి. నలభై ఒకటో నంబరు. ‘ఏ స్థాయి అధికారి ఒత్తిడి చేసినా జతపరచినవి తిరిగి ఇవ్వరాదు.’ ‘ఏ స్థాయి’ కింద మీరే ఎర్ర సిరాతో గీత గీశారండి.”

“అవి నా బట్టలయ్యా! నాకు అత్యవసరం!”

“అత్యవసరమైతే ఫారం ఏడు ఉందండి. అవసరం నిజమని క్షేత్రస్థాయిలో తేలాలి. మేం మీ ఇంటికి వచ్చి, బీరువా తెరిచి, వేరే చొక్కా లేదని ధ్రువీకరించాలి.” ఆయన ఆకాశంకేసి చూశారు. “వాన పడుతోంది కనక ఇవాళ పర్యటన కుదరదండి.”

కమిషనరు గారి తువ్వాలు భుజం మీంచి జారింది. జిల్లా కేంద్రంలో పదింటికి సభ.

“అర్జీ పరిష్కరిస్తే?”

“తక్షణం ఇచ్చేస్తానండి.”

“ఏం కావాలి ఆవిడకి?”

“బరకం అండి.”

“ఇచ్చెయ్యండి!”

“ఇచ్చేస్తే రెండువందల పద్నాలుగో కూపన్ మీద బరకం ఉండదండి. మీరు అక్కడ ప్రశంసాపత్రం అందుకునే వేళకి ఇక్కడ నివేదిక అబద్ధం అవుతుంది.”

కమిషనరు గారు మెట్టు మీద కూలబడ్డారు. లుంగీలో, బనీనులో, తడిసిన జుట్టుతో ఆయన అచ్చం దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నారు. నూకరత్నానికి ఆయన్ని చూస్తే జాలేసింది. ఎంతైనా తన చేతి బట్ట కట్టే మనిషి.

“బాబుగారూ,” అంది, “ఆ కూపన్ కూడా నాకే ఇచ్చేయండి. మా ఇంట్లోనే గోడకి తగిలిత్తాను. దాని మీద బరకం కప్పేత్తాను. మజ్జిలో ఇల్లు అడ్డొత్తాదనుకోండి, ఇంటి పైనించే కప్పేత్తాను. కూపన్ తడవకపోతే చాలు కదండీ?”

భగవాన్లు గారు కళ్ళు మూసుకుని నిబంధనలన్నీ ఒకసారి మననం చేసుకున్నారు. తర్వాత కళ్ళు తెరిచి తలూపారు. అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. ‘కూపన్ నం. 214 సంరక్షణ నిమిత్తం, సదరు కూపన్ ఉన్న గృహంపై బరకం కప్పుటకు అనుమతించడమైనది. గృహములో ఎవరైనా నివసించుచున్నచో అభ్యంతరం లేదు.’ కమిషనరు గారు సంతకం పెట్టి, లాల్చీ లాక్కుని, జీపెక్కారు.

జెండా ఎగరేసిన గంటకి రేవు వీధిలో బరకం ఎగిరింది. అచ్చియ్యమ్మ నిచ్చెన పట్టుకుంది, నూకరత్నం పైకెక్కి నాలుగు కొసలూ తాళ్ళతో బిగించింది. మధ్యాహ్నం నుంచి వాన కుండపోతగా కురిసింది. నూకరత్నం గది మధ్యలో నిలబడి కప్పుకేసి చూసింది. చప్పుడు వినబడుతోంది, చుక్క పడలేదు. మొగుడు పోయాక ఈ ఇంట్లో వాన చప్పుడు సుఖంగా వినడం ఇదే మొదటిసారి. బల్ల తెచ్చి ఒకప్పుడు అన్నిటికన్నా ఎక్కువ కారే చోట వేసుకుని, కావాలనే అక్కడ నిలబడి ఇస్త్రీ చేసుకుంది. గోడకి కూపన్ తళతళలాడుతూ ఉంది.

సాయంత్రానికి గుమ్మంలో నీడ పడింది. అచ్చియ్యమ్మ. నెత్తిన గోనెపట్టా, కాళ్ళకి బురద. ఆవిడ వెనకాల గొడుగులేసుకుని, నెత్తిన గిన్నెలు బోర్లించుకుని, వీధి చివరిదాకా జనం. ఎవరి నంబరు వాళ్ళు మనసులో చదువుకుంటున్నారు.

అచ్చియ్యమ్మ లోపలికొచ్చి, పొడిగా ఉన్న కప్పుకేసి కాసేపు చూసి, గొంతు తగ్గించింది.

“వదినా, ఇంజినీరు గారి ప్యాంటేమన్నా ఉందా?”

నూకరత్నం ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మూటలు విప్పి వెతికింది.

“ఇంజినీరు గారిది నిన్ననే పట్టుకుపోయారే. చైర్మన్ గారి పంచె ఉంది. సరిపోద్దేమో చూడు.”